మిషను కంటికి దిష్టిచుక్క

పసిపిల్ల బుగ్గ మీద దిష్టిచుక్క ఎందుకు పెడతామో మనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అమ్మ పెట్టింది, మనమూ పెట్టాం. చూసేవాళ్ళ కన్ను ముందుగా ఆ నల్లటి చుక్క మీద పడుతుందిట. తరవాత పిల్ల ముఖం చూసినా ఆ చూపులో అంత బలం వుండదుట. నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు లేదు. కాని అందులో ఒక తెలివి వుందని మాత్రం ఒప్పుకోవాలి. చూసేవాళ్ళని పల్లెత్తు మాట అనకుండా, కాటుకంత పనితో వాళ్ళ చూపుని పక్కకి మళ్ళించడమన్న మాట. కడుతున్న ఇంటి ముందు దిష్టిబొమ్మా, చేలో పాత చొక్కా తొడిగిన కుండ తలకాయా అన్నీ ఆ కోవలోవే. పిట్టకి మనిషిలా కనబడితే చాలు, మనిషి కానక్కరలేదు. అంతెందుకు, మయసభలో దుర్యోధనుడంతటివాడు నేలని చూసి నీళ్ళనుకున్నాడు, నీళ్ళని చూసి నేలనుకుని పడ్డాడు. కళ్ళు లేకనా?

ఇప్పుడు మనుషుల కళ్ళు చాలవన్నట్టు మిషను కళ్ళు వచ్చాయి. వీధి మలుపులో ఒకటి, అపార్టుమెంటు గేటు దగ్గర ఒకటి, విమానాశ్రయంలో ఒకటి, మన చేతిలో ఫోనుకి ముందొకటీ వెనకొకటీ. ఇవి వూరికే ఫోటో తీసి వూరుకోవు. అందులో వున్నది ఏమిటో, ఎవరో కూడా అవే చెప్పేస్తాయి. మరి వీటికి దిష్టిచుక్క పనిచేస్తుందా అంటే, చేస్తుందిట. ఎలా చేస్తుందో వింటే ముందు నవ్వొస్తుంది, ఆ తరవాత కాస్త గుండె గుబుక్కుమంటుంది కూడా.

ఈ సంగతులు నాకు మొదట చెప్పింది మా మేనకోడలు. హైదరాబాదులో ఇలాంటి కెమెరాలకి చూపు నేర్పే ఉద్యోగమే దానిది.

"చూపు నేర్పడమేమిటే, అదేమన్నా ఆవకాయ పెట్టడమా?" అన్నాను.

"అచ్చం అంతే అత్తయ్యా! నువ్వు నాకు ఆవకాయ కొలతలు ఎప్పుడైనా చెప్పావా? పక్కన కూర్చోబెట్టుకుని ఏటా చూపించావు. మేమూ అంతే. లక్షల ఫోటోలు చూపించి, ఇది పిల్లి, ఇది కుక్క అని చెబుతాం. దేన్ని చూసి పిల్లి అనుకోవాలన్నది దానిష్టం."

తిరకాసంతా ఆ చివరి మాట దగ్గరే వుంది.

జర్మనీలో ట్యూబింగెన్ అనే వూరి విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక తమాషా చేశారు. పిల్లి ఫోటో తీసుకున్నారు. చెవులూ, మూతీ, కూర్చున్న తీరూ అన్నీ పిల్లివే. ఒంటి మీద బొచ్చు మాత్రం తీసేసి, దాని బదులు ఏనుగు చర్మం ముడతలు పరిచారు. మూడేళ్ళ పిల్లాణ్ణి అడిగినా పిల్లే అంటాడు. మిషను ఏనుగంది. అదీ ఇండియా ఏనుగుట! అంటే అది ఆకారాన్ని కాదు, ఒంటి మీది నేతని చూసి పేరు పెడుతోందన్న మాట. నేతని చూసి పేరు చెప్పడం మనకీ చేతనవును. మడత విప్పకుండానే గుడ్డ ముట్టుకుని ఇది వెంకటగిరి, ఇది మంగళగిరి అని చెప్పేవాళ్ళు మనలో ఎంతమంది లేరు! కాని ఆ గుడ్డని కుట్టి దిండుకి తొడిగితే, దిండుని పట్టుకుని చీర అనం కదా.

ఈ బలహీనత తెలిశాక కుర్రాళ్ళు వూరుకుంటారా? అసలు అంతకుముందే, 2017లో, అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యార్థులు కొందరు ప్లాస్టిక్ తాబేలు బొమ్మని త్రీడీ ప్రింటరు మీద అచ్చు తీశారు. డిప్ప మీద రంగుల మరకలు ఒక లెక్క ప్రకారం వేశారు. మనం చూస్తే, ఎవరో పిల్లలు రంగులు వేసిన తాబేలు, అంతే. దాన్ని గూగుల్ వారి బొమ్మలు గుర్తుపట్టే ప్రోగ్రాముకి చూపించారు. ఎటు తిప్పి చూపించినా ఇంచుమించు ప్రతిసారీ తుపాకీ అంది. ఒక బేస్‌బాల్ బంతికీ అలాగే రంగులు వేస్తే ఎస్‌ప్రెస్సో కాఫీ అంది. దాంట్లో పెద్ద వింత లేదు, మా వారికి పొద్దున్న ఆరింటికి ఏది చూసినా కాఫీలాగే కనిపిస్తుంది.

అదే ఏడు గూగుల్‌లోనే పనిచేసేవాళ్ళు ఒక గుండ్రటి రంగుల స్టిక్కరు తయారుచేసి, బల్ల మీద అరటిపండు పక్కన పెట్టారు. అంతవరకూ అరటిపండు అని ఘంటాపథంగా చెప్పిన మిషను, టోస్టరు అనేసింది. పండు ఎక్కడికీ పోలేదు, కళ్ళెదురుగానే వుంది. కాని పేరంటంలో గట్టిగా మాట్లాడే ఆవిడ ఒక్కర్తి వస్తే మిగతా వాళ్ళ మాటలు వినబడనట్టు, ఆ స్టిక్కరు ముందు పండు వినబడలేదు.

దీనికన్నా నాకు బాగా నచ్చింది 2021 నాటి సంగతి. ఓపెన్ఏఐ అనే సంస్థ తయారుచేసిన మిషను బొమ్మలు చూడడమే కాదు, బొమ్మలోని అక్షరాలు కూడా చదువుతుంది. దానికి ఒక పచ్చ యాపిలుపండు చూపిస్తే యాపిలు అంది. ఆ పండుకి "ఐపాడ్" అని చేత్తో రాసిన చీటీ అంటించి చూపిస్తే, పాటలు వినే ఐపాడ్ అంది. అదీ నూటికి తొంభై తొమ్మిది పాళ్ళ నమ్మకంతో! చదువొచ్చాక కంటి మీద నమ్మకం పోయింది పాపం. ఇలాంటి మిషనుని మా వంటింట్లోకి పిలిస్తే నా పని అయినట్టే. మా ఇంట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు వుంటుంది, బోర్న్‌విటా డబ్బాలో ధనియాలుంటాయి. పొద్దున్నే పిల్లలకి పాలల్లో ధనియాలు కలిపి ఇస్తుంది.

ఇంతవరకూ నవ్వులాటే. రోడ్డు మీదికి వచ్చేసరికి అంత నవ్వు రాదు.

అమెరికాలో కూడళ్ళ దగ్గర "ఆగుము" అని ఎర్రటి ఎనిమిది పలకల బోర్డు వుంటుంది. అక్కడి పిల్లలకీ తెలుసు దాని అర్థం. వాషింగ్టన్, మిషిగన్ వగైరా విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి 2017లో అలాంటి బోర్డు మీద నాలుగు తెలుపూ నలుపూ స్టిక్కరు ముక్కలు అంటించారు. చూసేవాళ్ళకి ఆకతాయిలెవరో అంటించినట్టుంటుంది, బోర్డు నిక్షేపంగా చదువుకోవచ్చు. బోర్డులు గుర్తుపట్టడానికి వాళ్ళు తయారుచేసుకున్న ప్రోగ్రాము మాత్రం "గంటకి 45 మైళ్ళ వేగంతో వెళ్ళవచ్చు" అని చదివింది. సరే, అది ప్రయోగశాల సరుకు అనుకుందాం. 2020లో కంప్యూటర్ల భద్రత చూసే మెకాఫీ వాళ్ళు నిజం కారుతోనే చేసి చూపించారు. 35 అని రాసివున్న వేగం బోర్డు మీద 3 అంకె మధ్య గీతని రెండంగుళాల నల్లటేపుతో కాస్త పొడిగించారు, అంతే. 2016 నాటి టెస్లా కారు దాన్ని 85 అని చదువుకుని, దానంతటది వేగం పెంచుకోవడం మొదలుపెట్టింది. తరవాత వచ్చిన కొత్తరకం కెమెరాలు ఈ మాయకి పడలేదుట, అది వేరే సంగతి.

వాళ్ళు పనిగట్టుకుని అంటించారు. మన వూళ్ళలో ఎవరూ పనిగట్టుకోనక్కరలేదు. మా వీధి చివర 30 అన్న బోర్డు మీద ఇంగ్లీషు ట్యూషన్ల కాగితం, దాని మీద మొలలకి ఆపరేషన్ లేని వైద్యం, ఆ పైన సగం చిరిగిన సినిమా పోస్టరు. కింద 30 వుందని పాతకాపులం కాబట్టి మాకు తెలుసు.

బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్ళయితే 2019లో మనిషినే మాయం చేశారు. రంగురంగుల బొమ్మ ఒకటి అట్టకి అంటించి పొట్టకి అడ్డంగా పట్టుకుని నిలబడితే, మనుషుల్ని కనిపెట్టే ప్రోగ్రాము పక్కన వున్నవాళ్ళని లెక్కపెట్టింది గాని ఆ మనిషిని లెక్కపెట్టలేదు. దొంగలకి ఎంత వీలో అని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. అలాంటి ప్రింటు చీరల మీద రాకూడదనేముంది? ఏదో పండగకి తగ్గింపు ధరలో కొనుక్కున్న పూల చీర కట్టుకుని నేను రోడ్డు దాటుతుంటే, తనంతట తాను నడిచే కారొకటి అటుగా వచ్చిందనుకోండి!

లేనిపోని వూహలంటారా? 2021లో ఇంగ్లండులోని బాత్ నగరంలో ఏమయిందో వినండి. బస్సులకి మాత్రమే కేటాయించిన దారిలో ఒకావిడ నడిచి వెళుతోంది. ఆవిడ చొక్కా మీద "నిట్టర్" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలున్నాయి. అల్లికలు అల్లే మనిషి అని అర్థం. భుజాన వేసుకున్న సంచీ పట్టీ ఆ అక్షరాల మీదుగా అడ్డం పడింది. కెమెరా దాన్ని వ్యాను నంబరుగా చదువుకుంది. నిజంగానే అలాంటి నంబరున్న వ్యాను గల దంపతులు నూరు మైళ్ళకి పైగా దూరాన, సర్రేలో, తమ ఇంట్లో తాము వున్నారు. మీ వ్యాను బస్సుల దారిలో వెళ్ళింది, జరిమానా కట్టండి అని వాళ్ళకి తాఖీదు వచ్చింది. ఫోటో తెప్పించుకుని చూస్తే వ్యానూ లేదు, ఏమీ లేదు, అల్లికలావిడ నడిచిపోతోంది! ఫోటోని ఒక్కసారి మనిషి చూసి వుంటే ఆ తాఖీదు కాగితం వృథా అయ్యేది కాదు.

అక్కడ మనిషిని వ్యాను అంది. మా ఇంట్లో మనిషి లేదంది.

మా అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు. మావగారు పోయినప్పటినుంచీ ఫ్యామిలీ పెన్షను వస్తోంది. బతికే వున్నానని ఏటా రుజువు ఇచ్చుకోవాలి. వెనకటికి కాగితం మీద సంతకం పెట్టేవారు. తరవాత వేలిముద్రన్నారు. డెబ్బై ఏళ్ళు బట్టలుతికి, గిన్నెలు తోమి, పప్పు రుబ్బిన వేళ్ళు, ముద్రలెక్కడుంటాయి? అరిగిపోయాయి. ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తే చాలన్నారు. ఆఫీసు మెట్లెక్కక్కర లేదు, ఆటో బేరం లేదు, ఇంట్లో కుర్చీలో కూర్చునే ఇవ్వొచ్చు. నిజంగా ఎంత సుఖం అనుకుని రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మొదలుపెట్టాం.

ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, తల దువ్వుకుని, కిటికీ ముందు కుర్చీలో కూర్చున్నారు. ఫోను ఒప్పుకోలేదు. వెనక కిటికీలోంచి ఎండ, ముఖం నల్లగా పడుతోంది. కుర్చీ ఈ పక్క గోడ దగ్గరికి జరిపాం. ఈసారి ఒకరికంటె ఎక్కువ ముఖాలున్నాయంది. ఇంకెవరున్నారు, నేను ఫోను వెనక వున్నాను కదా అని చుట్టూ చూస్తే, ఆవిడ తల వెనకే నగల కొట్టువాళ్ళ క్యాలెండరు, అందులో లక్ష్మీదేవి!

"అమ్మవారు కూడా పెన్షనుదారేమో, రాయించవే అమ్మాయ్" అన్నారు మా అత్తగారు.

క్యాలెండరు తీసి మంచం కింద పెట్టాను. ఇప్పుడు కళ్ళజోడు అద్దాల్లో ట్యూబులైటు మెరుస్తోంది. జోడు తీసేస్తే, కళ్ళార్పమని ఫోను మీద వచ్చే అక్షరాలు ఆవిడకి కనబడవు. నేను "ఆర్పండి, ఆర్పండి" అని అరిస్తే, ఏమంటున్నానో వినడానికి తల ఇటు తిప్పుతారు, ముఖం కాస్తా గీతలోంచి తప్పుతుంది. ఇలా పదో పదకొండో సార్లయింది. ఆవిడ వచ్చినప్పటి హుషారు పోయింది. చెంగుతో ముఖం తుడుచుకుని, చిన్నగా అడిగారు.

"నేనున్నట్టు దానికి కనబడటం లేదుటే?"

నాకు జవాబు తోచలేదు. ఆ నెల దాటితే పెన్షను ఆగుతుంది. మళ్ళీ కదిలించుకోవడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కాలో. మందులవాడికి ఇవ్వాల్సింది దాంట్లోంచే. పైగా డబ్బొక్కటే కాదు గదా, ఆవిడ అడిగిన మాట.

చివరికి మేనకోడలికి ఫోను చేశాను. "బామ్మగారిని కిటికీ వైపు తిరిగి కూర్చోమను అత్తయ్యా, వెనక తెల్లగుడ్డ ఏదన్నా కట్టు" అంది. తెల్ల దుప్పట్లన్నీ చాకలికి వేశాను. మా అత్తగారే లేచి, ట్రంకుపెట్టె తీసి, అడుగునుంచి మావగారి పంచె ఒకటి తీశారు. రెండు మేకులకి కట్టి దాని ముందు కూర్చోబెట్టాం. రెండోసారికే పచ్చ టిక్కు పడింది. పంచెని ఆవిడే విప్పి, మడతలు పోకుండా మడిచి, మళ్ళీ అడుగునే పెట్టుకున్నారు. నన్ను పట్టుకోనివ్వలేదు.

కళ్ళజోడు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పిట్స్‌బర్గులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో రంగుల ఫ్రేము కళ్ళజోడు కాగితం మీద ప్రింటు చేసి పెట్టుకున్నారు. ప్రింటుకయిన ఖర్చు పావు డాలరు కూడా లేదు. అది పెట్టుకున్న మగ పరిశోధకుణ్ణి చూసి మిషను హాలీవుడ్ నటి మిల్లా జొవోవిచ్ అంది. మా అత్తగారు మాత్రం తన కళ్ళజోడుతో తానూ కాలేకపోయారు.

ఈ బాధ మాదొక్కరిదే అనుకోకండి. ఎమ్.ఐ.టి.లోనే చదివిన జాయ్ బులమ్‌వీని అనే నల్లజాతి అమ్మాయి ముఖాలు కనిపెట్టే ప్రోగ్రాముతో పనిచేస్తుంటే, అది ఆమె ముఖాన్ని కనిపెట్టనే లేదు. అక్కడున్న తెల్లటి ప్లాస్టిక్ మాస్కు తొడుక్కుంటే వెంటనే కనిపెట్టింది. రక్తమాంసాలున్న ముఖం కంటె కళ్ళ దగ్గర కన్నాలున్న ప్లాస్టిక్ ముక్క నయమయింది దానికి! ఆమె అక్కడితో వూరుకోలేదు. టిమ్నిట్ గెబ్రూ అనే మరొకామెతో కలిసి, ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు పెద్ద కంపెనీల ప్రోగ్రాములని పరీక్షపెట్టి 2018లో ఫలితాలు బయటపెట్టింది. తెల్లని మగవాళ్ళ దగ్గర వాటి తప్పులు నూటికి ఒకటికూడా లేవు. నల్లని ఆడవాళ్ళ దగ్గర ఒకదాని తప్పులు నూటికి 34.7. ఎవరి ఫోటోలు ఎక్కువ చూపించి నేర్పారో వాళ్ళనే బాగా గుర్తుపడుతుంది మరి, ఆవకాయ లాగే. అప్పటినుంచీ కంపెనీలు సర్దుకోవడం మొదలుపెట్టాయి. ఎవరో ఒక అమ్మాయి మాస్కు తొడుక్కుని చూపిస్తే తప్ప కదలలేదు.

మిషనుకి తెలిసేలా వస్తువుని ముస్తాబు చెయ్యడంలో మాత్రం నాకేం అభ్యంతరం లేదు. అందులో అందెవేసిన చెయ్యి జపానువాళ్ళది. మనం ఇప్పుడు కొత్తిమీర కట్టకి డబ్బులివ్వడానికి కూడా వాడుతున్న క్యూఆర్ కోడ్ 1994లో డెన్సో వేవ్ అనే కంపెనీలో మసహిరో హారా అనే ఇంజనీరూ ఆయన తోటివాళ్ళూ కారు విడిభాగాలు లెక్కపెట్టుకోవడానికి తయారుచేశారు. దాని మూడు మూలలా మూడు చదరాలుంటాయి చూడండి, అవే దాని బొట్టూ కాటుకా. వాటి మీదుగా ఎటునుంచి గీత గీసినా నలుపు ఒక వంతు, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి వస్తుంది. ఈ కొలతే ఎందుకంటే, పత్రికలూ, కరపత్రాలూ, అట్టపెట్టెలూ బోలెడు వెతికి, అచ్చులో ఎక్కడా సామాన్యంగా కనబడని కొలత ఇదని తేల్చారు. అందుకే ఎన్ని గీతల మధ్య వున్నా, తలకిందులుగా వున్నా కెమెరా దాన్ని ఇట్టే పట్టేస్తుంది. పోనీ మరకపడితే? బాగా గట్టిరకం కోడులో మూడోవంతుకి కాస్త తక్కువగా, నూటికి 30 పాళ్ళ వరకూ, పాడైనా మిగతాదాన్నిబట్టి పూడ్చుకుంటుంది. పసుపు చేతులతో ముట్టుకునే మనలాంటి వాళ్ళని దృష్టిలో పెట్టుకునే చేశారేమో!

తాబేలుని తుపాకీ చేసిన కుర్రాళ్ళలోనే ఇద్దరు, 2020లో మైక్రోసాఫ్ట్ వాళ్ళతో కలిసి, అదే విద్యని తిరగేశారు. మోసపుచ్చే మరక వుంటే సాయంచేసే మరక ఎందుకుండదని, బొమ్మ విమానాలకీ కార్లకీ ప్రత్యేకమైన రంగుల బొమ్మలు అతికించి చూశారు. కంప్యూటరులో కల్పించిన మంచులో, పొగమంచులో కూడా మిషను వాటిని మామూలు వాటికంటె బాగా గుర్తుపట్టింది. తాళం తీసే విద్య తెలిసినవాడే మంచి తాళం చెయ్యగలడంటారు, అదీ వరస.

కారు విడిభాగానికి మూడు చదరాలు అంటిస్తే దానికి చిన్నతనం లేదు. విమానం రెక్కకి రంగులేస్తే అది నొచ్చుకోదు. ఎనభై నాలుగేళ్ళ మనిషిని గోడకీ కిటికీకీ మధ్య పదకొండుసార్లు జరిపి, జోడు తీయించి, దేవుణ్ణి మంచం కింద పెట్టించడం మాత్రం వేరు. మిషనుకి కనబడకపోతే పక్కన ఒక మనిషి వుండి, "కనబడ్డారమ్మా, కూర్చోండి" అని రాసుకోవాలి. ఈ ఒక్క ఏర్పాటూ చెయ్యడానికి ఎవరికీ మనసెందుకు రాదో నాకు తెలియదు. మేనకోడలితోనూ అదే అన్నాను. "మా మీటింగులో చెబుతాను అత్తయ్యా" అంది. చెప్పిందిట కూడా. ఏమయిందో ఇంకా అడగాలి.

మా వీధిలోకి తోపుడుబండి మీద ఆకుకూరలు తెచ్చే అమ్మి కూడా క్యూఆర్ అట్ట ఒకటి పెట్టుకుంది. బండి ముందు కర్రకి వేలాడదీసింది. ఆ కర్రకే ప్రతి శనివారం నిమ్మకాయా, ఏడు మిరపకాయలూ గుచ్చిన దండ కడుతుంది. మొన్న గోంగూర కొని డబ్బులిద్దామని ఫోను పట్టాను. ఎంతకీ పట్టదే! మిగతా అంతా ఎంత మాసినా ఫరవాలేదు గాని, మూలల్లో చదరం కప్పడితే కెమెరాకి ఇక దిక్కు తెలియదు. సరిగ్గా ఎడమ మూల చదరం మీద ఎండుమిరపకాయ ఒకటి వాలి వుంది.

నేనింకా అట్టని అటూ ఇటూ చూస్తూనే వున్నాను. ఆవిడ ఒక చేత్తో తోటకూర కట్ట కడుతూనే, రెండో చేతి వేలితో మిరపకాయని పక్కకి నెట్టి పట్టుకుని, "ఇప్పుడు తియ్యండమ్మా" అంది.